డెబ్బయ్యో నిమిషంలో గోల్‌కీపర్ మార్పు

“ఇప్పుడు స్కోరెంత?” గోల్‌పోస్టు పక్కన మోకాళ్ల మీద కూర్చుని అడిగింది టీం డాక్టర్.

గడ్డి మీద పడుకుని ఉన్న గోల్‌కీపర్ కళ్లు చికిలించాడు. “ఇంకా ఎవరూ గోల్ వెయ్యలేదు కదా, డాక్టరక్కా.”

వాళ్ల జట్టు గోల్ వేసి పది నిమిషాలైంది. అప్పుడు అందరికంటే ఎత్తు ఎగిరి గంతేసింది వాడే.

పదిహేడేళ్లలోపు కుర్రాళ్ల అంతర్జాతీయ టోర్నమెంటులో సెమీఫైనల్ అది. డెబ్బయ్యో నిమిషంలో బంతి కోసం పక్కకు దూకినప్పుడు వాడి తల పోస్టుకు తగిలింది. ఆమె లేచి, ఆటగాణ్ని మార్చాలని బెంచీ వైపు సైగ చేసింది.

మైదానం అంచున, టచ్‌లైన్ దగ్గర గోల్‌కీపింగ్ కోచ్ ఎదురొచ్చాడు. ఇరవై రోజులుగా ఐసు ప్యాకెట్ల దగ్గర్నుంచి బస్సులో సీటు దాకా ప్రతిదానికీ ఆమెతో గిల్లికజ్జాలు పెట్టుకుంటున్న మనిషి. అందులో సగం కావాలని పెట్టుకున్నవేనని ఆమె అనుమానం. అవి లేని రోజు తనకీ వెలితిగా ఉంటోందన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఈసారి అతని ముఖంలో నవ్వు లేదు.

“వాడికి కంగారంతే. రెండు నిమిషాలివ్వండి, సర్దుకుంటాడు.”

“స్కోరు మర్చిపోయాడు.”

“పరీక్షల్లో ఎక్కాలే మర్చిపోతాడు. నా మేనల్లుడి సంగతి నాకు తెలీదా? రెండో కీపర్ జ్వరం నుంచి నిన్నగాక మొన్న లేచాడు. మ్యాచ్ పోతే?”

“పోనివ్వండి.”

“మీకేం, ఎన్నయినా చెబుతారు.”

ఆమె స్ట్రెచర్ వెంట నడిచింది. అంబులెన్స్‌లో కుర్రాడు రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. ఆ తర్వాత, “మావయ్య ఏడి?” అని చిన్నపిల్లాడిలా అడిగాడు. ఆమె వాడి చెయ్యి పట్టుకుంది.

గంట తర్వాత, స్కానింగ్ గది బయటికి కోచ్ ఆట బూట్లతోనే వచ్చాడు. వెనకే, స్టేడియానికి మ్యాచ్ చూడ్డానికొచ్చిన అతని అక్క, కుర్రాడి తల్లి. ఆవిడ నేరుగా తలుపు దగ్గరకెళ్లి నిలబడింది. అతను బెంచీకి ఆ చివర కూలబడ్డాడు.

“మేనల్లుణ్ని జట్టులోకి తెచ్చుకున్నాడంటారని, వాణ్ని అందరికంటే ఎక్కువ సాధించేవాణ్ని,” అన్నాడు నేల చూస్తూ. “ఇవాళా అంతే. మీరు లేకపోతే ఆడించేవాణ్నే.”

ఆమె నీళ్ల సీసా మూత తీసి అతని చేతిలో పెట్టింది.

తలుపు తెరుచుకుంది. “తల లోపల రక్తస్రావం లేదు,” అన్నాడు స్కానింగ్ డాక్టర్. “ఒకరోజు ఇక్కడ ఉంచుదాం. తర్వాత కొన్ని వారాలు ఆట మాట ఎత్తకూడదు. అంతే.”

అక్క అక్కడే నేల మీద చతికిలబడి ఏడ్చేసింది. తమ్ముడు గోడవైపు తిరిగాడు. కాసేపటికి ఆవిడ లేచి టీం డాక్టర్ చేతులు రెండూ పట్టుకుంది. “చల్లగా ఉండు తల్లీ,” అంది.

లోపల మంచం మీద కుర్రాడి మొదటి ప్రశ్న: “గెలిచామా?”

“రెండు ఒకటితో ఓడిపోయాం,” అన్నాడు మావయ్య, శుభవార్త చెబుతున్నట్టు.

“నన్ను తిట్టరా మరి?” అంది డాక్టర్.

“మీ మీద కోపం ఎక్కణ్నుంచి తెచ్చుకోమంటారు?”

అక్క ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. “ఒరేయ్, రోజూ ఫోన్లో నా చెవిలో ఊదరగొడుతున్నదేదో ఆ అమ్మాయికే చెప్పు, పో. వాడి దగ్గర నేనుంటా.”

వరండాలోకొచ్చాక ఆమె అడిగింది. “ఏం చెప్పేవారు?”

“మొదట్లో ఫిర్యాదులు.”

“తర్వాత?”

“టోర్నమెంటు అయిపోతే మళ్లీ మీరు కనబడరేమోనని. మిమ్మల్ని ఎలా అడగాలా అని.”

“ఆవిడేమన్నారు?”

“నోరు తెరిచి అడగమంది.”

“మంచి సలహా. మరి తెరవండి.”

తెరిచాడు. టోర్నమెంటు అయ్యాక కూడా తనను కలుస్తూ ఉంటారా అని రెండుసార్లు తడబడి, మూడోసారి పూర్తిగా అడిగాడు. మ్యాచ్ దగ్గర్నుంచి బిగబట్టుకున్న ఊపిరంతా అప్పుడొదిలింది ఆమె. “సరే,” అనే మాట ఆ ఊపిరితోనే బయటికొచ్చింది.