సమాధి దగ్గర ఆగే కాలు

తెల్లారి ఓబుళేశు మగ్గం మొదలైందంటే ఆ వీధికి కాఫీ వేళ అయినట్టే. ఆ రోజు చప్పుడు మధ్యమధ్యలో తెగిపోతోంది. తిరుపతమ్మ కాఫీ గ్లాసుతో వచ్చేసరికి మొగుడు మగ్గం గుంటలోంచి కాళ్లు పైకి తీసుకుని కూర్చున్నాడు. కుడి బొటనవేలి మీద పుండు. పసుపు పెట్టినా, పసరు పోసినా మానడం లేదు. ఆమె రెండు పాదాలూ పట్టుకు చూసింది. ఎడమది వెచ్చగా ఉంది. కుడిది నీళ్లు చల్లిన కడప బండలా ఉంది.

"ఇంత సల్లగుండాదేమయ్యా?"

"మా నాయన పట్టుకుంటాండాడులే," అన్నాడతను, వాన వచ్చేలా ఉందన్నంత మామూలుగా.

ఆమె పట్టుకున్న పాదం వదిలేసింది. మామ కాలు నల్లబడి, కుళ్లి, దాంతోనే పోయాడు. ఊరి బయట దారి పక్కనే ఆయన సమాధి. నేసిన చీరలతో షావుకారింటికి నడిచినప్పుడల్లా ఓబుళేశుకు సరిగ్గా అక్కడే పిక్క పట్టేసేది, ఎవరో చేత్తో బిగించినట్టు. రెండు బీడీలు ముట్టించి, నాయనకిష్టమని ఒకటి సమాధి మీద పెట్టి, రెండోది తను తాగేవాడు. అది అయ్యేసరికి నొప్పి వదిలేసేది. రాతి మీద బీడీ కూడా, తాగేవాడు లేకుండానే, చివరిదాకా కాలేది. అది కళ్లారా చూసినప్పటి నుంచి తిరుపతమ్మకు ఆ దారంటేనే భయం.

"ఆసుపత్రికి పోదాం పా."

"దయ్యానికి డాక్టరేం జేస్తాడే? నాయన రమ్మంటాండాడు. పోతా."

"నన్నెవురికి ఇడ్సి పోతావు?" ఆమె గొంతు ఇల్లెగిరిపోయేలా లేచింది. "సచ్చినోడి మాట ఇంటావు, బతికుండేదాని మాట ఇనవా? దయ్యమైతే దాని తావు ఇడ్సి రాదు గదా! ఈ పొద్దు గని బాటన నడుద్దాం. ఆపక్క సమాధుల్లేవు. కాలు పట్టకపోతే నేను నోరెత్తను. పట్టిందా, నా మాట ఇనాల."

గని బాటంతా నాపరాళ్ల ముక్కలు. చెట్టు లేదు, మనిషి లేడు, గాలి కూడా లేదు. వెనక నడుస్తున్న తిరుపతమ్మ, కాలు పట్టకూడదని ఒక దేవుడికీ పట్టాలని ఇంకో దేవుడికీ మొక్కుకుంది. ఇంటి నుంచి సమాధి ఎంత దూరమో, దాదాపు అంత దూరం పోయాక ఓబుళేశు ఆగిపోయాడు. పిక్క పట్టుకుని బెదురుగా చుట్టూ చూశాడు.

"ఈడికి గూడా వచ్చినాడా?"

"ఈడ మనిద్దరం తప్ప ఎవురుండారయ్యా? అది నీ కాల్లోనే ఉండాది."

అతను బీడీ ముట్టించలేదు. అయినా కాసేపటికి నొప్పి వదిలేసింది. ఓడిపోయినవాడిలా ఓబుళేశు ఆమె వెంట ఆసుపత్రికి బయలుదేరాడు.

కడపలో డాక్టరమ్మ అతని పాదం మీద వేళ్లుంచి చాలాసేపు వెతికింది. నాడి అందలేదు. ఆ వెతుకులాట తిరుపతమ్మను సమాధి కన్నా ఎక్కువ భయపెట్టింది.

"కాలికి రక్తం తీసుకెళ్లే గొట్టాలు పూడుకుపోతున్నాయి. అందుకే నడిస్తే పిక్క పట్టేస్తుంది, నిలబడితే వదులుతుంది, పుండు మానదు. దీనికి మేత బీడీనే. ఇంకా ఆలస్యం చేస్తే కాలు తీసేయాల్సి వచ్చేది."

"మా నాయనకూ ఇట్లనే..."

"ఎవరికి చూపించారు?"

"తాయెత్తు కట్టించినాము," అంటూ ఓబుళేశు తల వంచుకున్నాడు.

మందులతో తిరిగొస్తూ సమాధి దగ్గర ఆటో ఆపించాడు. తిరుపతమ్మ ఆటోలోనే ఉండిపోయింది. అతను బీడీ తియ్యలేదు. సమాధి మీద, తండ్రి కాళ్లుండే వైపు, రెండు చేతులూ ఉంచి బావురుమన్నాడు.

"నువ్వు నన్ను పట్టుకుంటాండావనుకుంటి నాయనా. నీ కాలు నొచ్చినప్పుడు నిన్ను ఆసుపత్రికి పిల్సుకపోకుండా, బీడీలు తెచ్చిస్తి."

తిరుపతమ్మ ఆటో దిగింది. దారి మీది గాలి ముఖానికి కొట్టింది; ఇన్నాళ్లూ రాతి మీది బీడీని తాగింది ఈ గాలేనని తట్టింది. మొదటిసారి భయం లేకుండా వచ్చి అతని పక్కన కూర్చుంది.