కన్ను కొట్టిన ఎడమ బూటు

పిచ్చుక బకెట్ ముందు పీట వేసుకుని బూట్లు తోముతోంది. ఆదివారం మధ్యాహ్నం ఇంటిల్లిపాది బూట్లూ తోమడం తన పని. అమ్మవీ నాన్నవీ అయిపోయాయి. తనవీ అయిపోయాయి.

సన్నగా ఉంటుందనీ, ఒక్కచోట నిలవదనీ నాయనమ్మ పెట్టిన పేరు పిచ్చుక. బళ్ళో వేరే పేరుంది కానీ, ఇంట్లో ఆ పేరుతో పిలిస్తే తనే పలకదు.

"ఇంకా ఎంతసేపే? మేం ఆట మొదలెట్టేస్తాం." గేటు బయట నుంచి స్నేహితురాళ్ళు కేకేశారు.

"ఒక్క జతే మిగిలింది. వచ్చేస్తున్నా."

ఆ ఒక్క జత తమ్ముడిది. వాడు ఒకటో తరగతి. పొట్టిగా, గుండ్రంగా ఉంటాడని అందరూ బుడంకాయ అంటారు. వాడివి నీలం రంగు పరుగు బూట్లు. మడమ దగ్గర ఎర్రటి లైట్లు ఉంటాయి. అడుగు పడితే చాలు, మిణుక్కుమంటాయి.

నాన్న బూట్ల దుకాణంలో పనిచేస్తాడు. లైట్ల బూట్లు కొన్నవాళ్ళందరికీ ఒకే మాట చెబుతాడు. "నీళ్ళలో ముంచకండమ్మా. తడిగుడ్డతో తుడిస్తే చాలు." దుకాణం ఆట ఆడేటప్పుడు పిచ్చుక కూడా గొంతు లావు చేసి అచ్చం నాన్నలా ఈ మాట అంటుంది. అందరూ పడీ పడీ నవ్వుతారు. అని అని, చివరికి ఆ మాట ఆట కోసమే ఉందన్నట్టు అయిపోయింది.

తడిగుడ్డతో తుడవాలంటే అడుగున ఉన్న ఒక్కో గాడిలోంచీ మట్టి తీయాలి. బకెట్‌లో పడేస్తే మట్టి అదే నానుతుంది.

పిచ్చుక రెండు బూట్లూ బకెట్‌లో పడేసి ఆటకి పరుగెత్తింది.

సాయంత్రం వచ్చి, బూట్లలోని నీళ్ళు వంపేసి పిట్టగోడ మీద పెట్టింది. వెలుతురు తగ్గుతోంది. ఉన్నట్టుండి ఎడమ బూటు వెలిగింది. ఎవరూ ముట్టుకోలేదు. ఆరిపోయింది. మళ్ళీ వెలిగింది.

అరుగు మీద కూర్చున్న నాయనమ్మ కళ్ళజోడు సర్దుకుంది.

"ఏమిటే అది? కాలు లేని బూటు కన్ను కొడుతోంది."

"ఏమో నాయనమ్మా."

"నన్ను చూసేనంటావా? ఈ వయసులో నాకెందుకే ఇవన్నీ."

పిచ్చుక నవ్వబోయింది. నవ్వు రాలేదు. అన్నాలవేళకి బూటు కన్ను కొట్టడం మానేసింది.

పొద్దున్నే బుడంకాయ బూట్లు తొడుక్కుని గదిలో ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచాడు. వంగి మడమల వైపు చూసుకున్నాడు.

"అక్కా, నా ఎడమ కాలు వెలగట్లేదు."

వంటింట్లోంచి అమ్మ తొంగి చూసింది. పిచ్చుక నోటికి వచ్చింది అనేసింది.

"నువ్వు ఆ కాలు గట్టిగా వేయట్లేదురా. అందుకే."

"గట్టిగా వేస్తే వెలుగుతుందా?"

"ఆఁ."

బుడంకాయ కాలు పైకెత్తి దబ్బున వేశాడు. వెలగలేదు. ఇంకా పైకెత్తి వేశాడు. బడికి వెళ్ళేదాకా దబ్, దబ్ అంటూనే ఉన్నాడు. బళ్ళో టీచర్ అడిగింది, "ఏం నాయనా, చీమల మీద కోపమొచ్చిందా?" ఇంట్లో మెట్లు ఎక్కినా అంతే, దిగినా అంతే.

తరవాత రోజు చప్పుడు తగ్గింది. దాని బదులు వాడు కాలు ఈడ్వడం మొదలుపెట్టాడు.

"ఎందుకురా అలా నడుస్తున్నావు?" అమ్మ వాడిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని మోకాలు, చీలమండ నొక్కి చూసింది. మడమ ఎర్రగా కందిపోయి ఉంది. "దెబ్బ తగిలిందా?"

"లేదమ్మా. ఈ కాల్లో కరెంటు అయిపోయింది."

"కాల్లో కరెంటేమిటి?" అమ్మకి ఏమీ అర్థం కాలేదు. పిచ్చుక వైపు చూసింది. పిచ్చుక లెక్కల పుస్తకంలోకి ఇంకా కిందకి వంగింది.

ఆ వారమే బుడంకాయ పరుగు పందెం నుంచి పేరు తీయించేసుకున్నాడు. పందెం వచ్చే సోమవారం. తరగతిలో వాడిని దాటినవాళ్ళు లేరు. పాలు తెమ్మంటే పరుగు, స్నానానికి రమ్మంటే అటువైపు పరుగు. అలాంటివాడు సాయంత్రాలు కిటికీ దగ్గర కూర్చుని వీధిలో పిల్లల్ని చూస్తున్నాడు. "కాలు బాగోలేనివాళ్ళు పరుగెత్తకూడదు కదా నాయనమ్మా" అన్నాడు.

పిచ్చుకకి అంతా అయోమయంగా ఉంది. తను చెప్పింది ఉత్త అబద్ధం. మరి వాడి కాలు నిజంగానే ఎందుకు నొప్పి పెడుతోంది? పిట్టగోడ మీద అసలు కాలే లేకుండా బూటు వెలగడం తన కళ్ళతో చూసింది. అయినా ఒక్కోసారి, వాడి కాల్లో నిజంగానే ఏదో లోపం ఉందేమో అనిపిస్తోంది. తన మాట తననే నమ్మించేస్తోంది.

శనివారం ఒంటిపూట బడి. అమ్మ ఇచ్చిన క్యారియర్ పట్టుకుని పిచ్చుక దుకాణానికి వెళ్ళింది. వెనక గదిలో కప్పుదాకా పెట్టెలే. కొత్త రబ్బరు వాసన, జిగురు వాసన. మూలన ఒక బుట్టలో జనం తిరిగి ఇచ్చేసిన బూట్లు ఉన్నాయి.

నాన్న తింటూ ఉంటే పిచ్చుక మెల్లిగా అడిగింది. "నాన్నా, కాలికి బలం తక్కువైతే లైటు వెలగదా?"

"ఎవరు చెప్పారు?"

"ఎవరో."

నాన్న చెయ్యి కడుక్కుని బుట్టలోంచి ఒక చిన్న బూటు తీశాడు. దాని అడుగు ఊడి వేలాడుతోంది. కత్తితో మడమ కోసి, లోపలి నుంచి బొత్తామంత డబ్బా లాగాడు. దానికి తీగ, తీగ చివర లైటు. అరచేతిలో పెట్టి కదిపాడు. మిణుక్కుమంది.

"ఇందులో సన్నటి స్ప్రింగు ఉంటుంది. కదిలితే పక్కనున్న తీగకి తగులుతుంది. తగిలితే వెలుగుతుంది. బలం సంగతి దానికేం తెలుసు? పిల్లికి తొడిగినా వెలుగుతుంది."

"నీళ్ళు పోతే?"

నాన్న పిచ్చుక మొహంలోకి చూశాడు. "కాసేపు అదే వెలుగుతుంది, అదే ఆరుతుంది. తరవాత పోతుంది."

పిచ్చుక డబ్బా వైపే చూస్తోంది.

"ఇది ఎవరు కనిపెట్టారు?"

"ఒక్కరని చెప్పలేం. చీకట్లో పరుగెత్తేవాళ్ళు బండ్లు నడిపేవాళ్ళకి కనబడాలని బూట్లకి లైట్లు పెట్టాలనుకున్నారట కొందరు. తరవాత పిల్లల బూట్లకీ వచ్చాయి. నా చిన్నప్పుడు వచ్చిన కొన్నింటిలో స్ప్రింగు కాదు, పాదరసం ఉండేది. చుక్క అటూ ఇటూ కదిలి తీగల్ని కలిపేది."

"బాగుంది కదా."

"చూడటానికి బాగుంది. కానీ పాదరసం విషం. పాత బూట్లు చెత్తలో పారేస్తే మట్టిలోకీ నీళ్ళలోకీ దిగుతుంది. అది తెలిశాక మానేశారు."

"అన్ని అమ్మేశాక కూడానా?"

"అమ్మేశాకే. తెలిసింది అప్పుడు కదా."

పిచ్చుక ఆలోచిస్తూ ఖాళీ క్యారియర్ గిన్నెలు ఒకదాని మీద ఒకటి పేర్చింది. "నాన్నా, ఈ డబ్బా నేను తీసుకెళ్ళనా?"

సాయంత్రం దాకా నాన్నకి పెట్టెలు సర్దిపెట్టి ఇంటికి వచ్చేసరికి బుడంకాయ కిటికీ దగ్గరే ఉన్నాడు. అమ్మ బట్టలు మడతపెడుతోంది. నాయనమ్మ పక్కన కూర్చుని జేబురుమాళ్ళు అందిస్తోంది. వాళ్ళు లేనప్పుడు చెబితే బాగుండునని పిచ్చుకకి అనిపించింది. అయినా తమ్ముడి ముందు కూర్చుని డబ్బా వాడి చేతిలో పెట్టింది.

"కదుపు."

కదిపాడు. వెలిగింది. ఇంకోసారి కదిపాడు.

"కాలు లేకుండా ఎలా వెలుగుతోంది?"

"దీనికి కాలితో పనిలేదురా. నీ బూట్లు నేనే బకెట్‌లో నానేశాను. నీళ్ళు పోయి ఎడమది పాడైంది. అమ్మ తిడుతుందని, నువ్వు గట్టిగా నడవట్లేదని చెప్పాను. అబద్ధం."

బట్టలు మడిచే అమ్మ చెయ్యి ఆగింది.

"మరి నా కాలు?"

"నీ కాలు బాగానే ఉంది. బాదీ బాదీ మడమ కందింది, అంతే."

బుడంకాయ అక్క వైపు చూశాడు. డబ్బా వైపు చూశాడు. పాదం ఎత్తి, వేళ్ళు ఒక్కొక్కటే ఆడించి చూసుకున్నాడు. కోపం వచ్చిందో, ఏడుపు వస్తోందో పిచ్చుకకి తెలియలేదు. వాడు రెండు దెబ్బలు కొట్టినా బాగుండుననుకుంటూ కూర్చుంది.

"బుడంకాయ్, ఏదో ఒకటి అనరా."

వాడు డబ్బా నేల మీద పెట్టాడు. బూట్లు తొడుక్కుని, పట్టీలు బిగించి, అందరి మధ్య నుంచీ నడిచి గడప దాటాడు.

పిచ్చుక గుమ్మం దాకా వెళ్ళి నిలబడింది. వీధిలో చీకటి పడుతోంది. కుడి మడమ వెలుగుతోంది, ఎడమది వెలగడం లేదు. రెండు అడుగులూ మాత్రం ఒకేలా, చప్పుడు లేకుండా పడుతున్నాయి. వీధి మలుపు దగ్గర ఆ ఒక్క ఎర్ర చుక్కా వేగం అందుకుంది.