ఎడమకు తిరగని బండి

తన కుర్చీలో ఇంకెవరో కూర్చుని ఉండడం డ్రాయింగ్ టీచర్ గుమ్మంలోంచే చూసింది.

నిజానికి అది ఆమె కుర్చీ కాదు. రోబోటిక్స్ గదిలో కిటికీ పక్కన ఉండే మామూలు ప్లాస్టిక్ కుర్చీ. కానీ ఆ గదిలో రోబోటిక్స్ సార్ పెట్టిన పద్ధతి ఒకటుంది. ఎవరి ప్రోగ్రాం మొరాయిస్తే వాళ్ళు ఆ కుర్చీ దగ్గరికి వచ్చి, ప్రోగ్రామింగ్ అంటే ఏమిటో తెలియని మనిషికి దాన్ని మొదటి నుంచి విడమరిచి చెప్పాలి. చెబుతూ ఉండగానే తప్పు ఎక్కడుందో వాళ్ళకే తెలిసిపోతుంది. ఆ ఏమీ తెలియని మనిషి డ్రాయింగ్ టీచర్.

ఏడో తరగతి పిల్లలు వచ్చి చెప్పేవాళ్ళు. వాళ్ళు వెళ్ళాక సార్ కూడా చెప్పేవాడు. ఆమె గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వినేది. చెప్పేది అర్థమయ్యేది కాదు. చెప్పే గొంతు మాత్రం ఎంతసేపు విన్నా విసుగు పుట్టేది కాదు.

ఇప్పుడా కుర్చీలో కోడింగ్ మేడమ్ ఉంది. నేలమీద నల్ల గీత వెంట దానంతటదే నడిచే బొమ్మబండి పోటీకి పిల్లల్ని తయారు చేయడానికి వేరే స్కూలు నుంచి వచ్చింది.

"రండి రండి! సార్ ఎప్పుడూ మీ గురించే చెబుతుంటారు," అంది మేడమ్.

"ఏమని?"

"మీకు ప్రోగ్రామింగ్ అస్సలు రాదని!"

డ్రాయింగ్ టీచర్‌కి ఒళ్ళు మండిపోయింది. సార్ మాత్రం అదేదో పెద్ద మెచ్చుకోలైనట్టు తలూపాడు.

మేడమ్ స్క్రీన్ వైపు ఒక్క చూపు చూస్తే చాలు, తప్పు దొరికిపోయేది. ఇక ఎవరూ ఎవరికీ ఏదీ విడమరిచి చెప్పనక్కర్లేదు. డ్రాయింగ్ టీచర్ పక్కగదిలో పిల్లల బొమ్మలు దిద్దుతుంటే గోడ అవతల నుంచి ఇద్దరి నవ్వులూ వినబడేవి. ఆ వారం ఏ పిల్లకీ పిల్లాడికీ మంచి మార్కులు పడలేదు.

ఒకరోజు మేడమ్ వరండాలో ఎదురై గుట్టు చెప్పినట్టు చెప్పింది. "పోటీ అయిపోగానే సార్‌ని మా స్కూల్లో చేరమంటున్నాం. ఎటూ తేల్చట్లేదు. మీరైనా కాస్త చెప్పండి."

ఆ సాయంత్రం ఇంట్లో గిన్నెల చప్పుడు విని అక్క వంటింట్లోకి వచ్చింది.

"ఆ గిన్నె ఏం పాపం చేసిందే?"

"ఆవిడకి అన్నీ వచ్చక్కా. నాకేమీ రాదు."

"అయితే? వెళ్ళొద్దని ఆయనతో చెప్పు."

"నేనెవర్నని చెప్పను?"

వెళ్ళేవాళ్ళని ఆపడం ఆ ఇంట్లో ఎవరికీ చేతకాదు. గుమ్మందాకా వెళ్ళి, జాగ్రత్త అని చెప్పి, వీధి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడడమే తెలుసు.

మర్నాటి నుంచి భోజనాల గంటలో డ్రాయింగ్ టీచర్ చదువు మొదలుపెట్టింది. గురువు ఏడో తరగతిలోని రెండు జడల పిల్ల.

"అది కాదు టీచర్! నల్ల గీత ఎడమ సెన్సర్‌కి తగిలితే బండి ఎడమకి తిరగాలి. కుడి దానికి తగిలితే కుడికి. నిన్ననే కదా చెప్పాను!"

"కోప్పడకే తల్లీ, మళ్ళీ చెప్పు."

పోటీ రేపనగా, పిల్లలంతా ఇళ్ళకి వెళ్ళిపోయాక వాన పట్టుకుంది. సార్ బండినీ లాప్‌టాప్‌నీ పట్టుకుని వరండాలో కొట్టే జల్లుకి సగం తడిసి డ్రాయింగ్ గదిలోకి వచ్చాడు.

"టీచర్, ఇది ఎడమ మలుపు రాగానే గీత వదిలి పోతోంది. వింటారా?"

"మీ మేడమ్ లేరా?"

"ఉన్నారు." స్టూల్ లాక్కుని కూర్చుని, "ముందు బండి కదులుతుంది. తర్వాత..." అని మొదలుపెట్టాడు.

ఆమె స్క్రీన్ వైపు వంగింది. "ఇక్కడ. రెండుచోట్లా కుడి సెన్సరే పెట్టారు. ఎడమ దాన్ని అసలు చూడనే లేదు. ఇంకెలా తిరుగుతుంది?"

భలే అంటాడనుకుంది. అతని ముఖం పాలిపోయింది.

"ఎవరు నేర్పారు?"

"ఎవరైతేనేం?"

"కంప్యూటర్ సారా?"

"మీకెందుకండీ?"

"ఆయన కాఫీ తాగే నెపంతో మీ గది ముందు తిరగడం నేను చూళ్ళేదనుకున్నారా?"

ఆమెకి కోపంలోనూ నవ్వొచ్చింది. "ఏడో తరగతి పిల్ల నేర్పింది. అంత చిన్న తప్పు మీకు దొరకలేదా?"

అతను బండి చక్రాన్ని వేలితో తిప్పుతూ కూర్చున్నాడు.

"దొరక్కపోవడమేంటి? పెట్టింది నేనే."

"ఏంటీ?"

"ఆవిడ వచ్చాక తప్పన్నదే మిగలట్లేదు. ఏం వంక పెట్టుకుని మీ దగ్గరికి రాను? ఇప్పుడు మీకూ అన్నీ వచ్చేశాయి. ఇక నాకు ఇక్కడ పనేముంది?"

తలుపు దగ్గర కోడింగ్ మేడమ్ గొంతు వినబడింది. "సార్! ఎవరో ప్రోగ్రాం పాడుచేసి..." ఇద్దరినీ చూసి ఆగి, "ఓహో, దొంగ దొరికాడా! మా ప్రిన్సిపాల్‌కి ఏం చెప్పమంటారు?" అంది.

సార్ డ్రాయింగ్ టీచర్ వైపు చూశాడు.

జాగ్రత్త అన్న మాట అలవాటుగా ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసింది.

"రారని చెప్పండి," అంది మేడమ్‌తో. తర్వాత అతని వైపు తిరిగి, "ముందు పిల్లల బండి సరిచెయ్యండి. రేపు గెలిచినా ఓడినా మా ఇంటికి రండి. ఏ తప్పూ వెంటపెట్టుకు రానక్కర్లేదు," అంది.