నిండుగా ఉన్న క్రీము డబ్బా

గవర్నర్‌పేటలోని ఆ డిటెక్టివ్ ఆఫీసు మెట్లు ఎక్కేసరికే డాక్టర్ ధనశ్రీకి ఏడుపు వచ్చేసింది. సూర్యారావుపేటలో ఆమె చర్మవైద్యశాల తెరిచి ఇంకా ఏడాది కాలేదు.

"రేపు పొద్దున నా మీద పోలీసు కేసు పెడతారటండీ. నా ఇంజెక్షన్ వల్లే పొట్ట కాలిందట. ఫొటోలు వాట్సాప్ గ్రూపులన్నిట్లో తిరుగుతున్నాయి. క్లినిక్కి ఒక్కరూ రావడం లేదు."

డిటెక్టివ్ బాలత్రిపురసుందరి మంచినీళ్ల గ్లాసు ఆమె ముందుకు జరిపింది. మంగళగిరిలో నూలుకు రంగులద్దే ఇంట్లో పుట్టిన మనిషి. తొందరపడటం ఆమె జాతకంలోనే లేదు. అసిస్టెంటు స్టెల్లా అప్పటికే నోట్‌బుక్కు తెరిచింది. మేడం తుమ్మినా అందులో ఏదో ఆధారం ఉంటుందని స్టెల్లా నమ్మకం.

డాక్టర్ చెప్పింది ఇది. మైలవరం నుంచి వచ్చే మనోజ్ఞ, బాబుకు పాలు మాన్పించాక పొట్ట మీది చారలకు వైద్యం మొదలుపెట్టింది. నలభై రోజులు క్రీము రాసింది. పోయిన బుధవారం, ఆమె రక్తంలోంచే తీసిన ప్లాస్మాను సూదితో చారల్లోకి ఎక్కించారు.

"మొదటిసారి కదా అని ఎడమపక్క మాత్రమే చేశానండీ. రెండు రోజులు క్రీము ఆపమన్నాను. శుక్రవారం రాత్రి కాలిందట. నన్ను కనీసం చూడనివ్వలేదు."

ముగ్గురూ కారులో మైలవరం చేరారు. మనోజ్ఞ భర్త లక్ష్మీకాంత్ గుమ్మంలోనే డాక్టర్‌ని ఆపేశాడు. ఆమె కారులోనే ఉండిపోయింది. సుందరి, స్టెల్లా లోపలికి వెళ్లారు.

మనోజ్ఞ మంచం మీద వెల్లకిలా పడుకుని ఉంది. పొట్టకు రెండు పక్కలా బొబ్బలు.

"శుక్రవారం పొద్దున ఒళ్లంతా పసుపు రాసుకుని తలంటు పోసుకున్నానండీ. రాత్రి క్రీము రాశా. మంటెత్తింది. మంట పుడితేనే మందు పనిచేసినట్టని ఓర్చుకున్నా. తెల్లారేసరికి ఇదీ."

"అంతకుముందు ఎలా ఉండేది?"

"ఏమీ లేదండీ. దురద కూడా రాలేదు. చారలూ తగ్గలేదు."

పోలీసులకు చూపించాలని లక్ష్మీకాంత్ ఆమె తెల్లలంగాను ఉతకనివ్వకుండా దాచాడు. దాని మీద ఎర్రటి మరక. రక్తమన్నాడు. సుందరి దాన్ని కిటికీ దగ్గర పట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత క్రీము డబ్బా మూత తీసింది. అంచుదాకా నిండుగా ఉంది.

"కొత్తదా?"

"పాతదేనండీ... మంగళవారం సగానికి పైగా అయిపోయినట్టే గుర్తు," అంది మనోజ్ఞ అయోమయంగా.

వసారాలో అత్తగారు సుబ్బరత్నం తమలపాకుకు సున్నం రాస్తోంది. "మేం ముగ్గుర్ని కన్నాం. చారలకి డాక్టరేంటమ్మా, విడ్డూరం కాకపోతే! వీడు పెళ్లాన్ని కారెక్కించుకుని బెజవాడ తిప్పుతుంటే ఊరంతా నవ్వింది."

స్టెల్లా 'సున్నం' అన్న మాట కింద రెండు గీతలు గీసింది.

పెద్దకోడలు అక్షయ టీ తెచ్చింది. ఆరేళ్ల కవలపిల్లల తల్లి. "క్రీముదేం లేదండీ. మొదట నాలుగు రోజులు దురద, వారానికి పొట్టు లేస్తుంది, తర్వాత సర్దుకుంటుంది. ఆ సూదే తగలేసింది."

"మీ మరిదిగారు భార్యని బాగా చూసుకుంటారల్లే ఉంది."

"ప్రతిసారీ ఆయనే తీసుకెళ్తాడు. సూది వేస్తుంటే చెయ్యి పట్టుకుని పక్కనే కూర్చున్నాడంట." అక్షయ నవ్వుతూనే అంది. కప్పు మాత్రం టీ తొణికేలా టక్కున పెట్టింది. ఓర్వలేనితనం ఎంత దాచినా చేతుల్లోకైనా వచ్చేస్తుంది.

సుందరి అందరినీ హాల్లోకి పిలిచింది. డాక్టర్‌ని కూడా రప్పించింది. అక్షయ భర్త కిరీటి ఫోను చూసుకుంటూ వచ్చి కూర్చున్నాడు.

"సూది వేసింది ఎడమపక్క. కాలింది రెండుపక్కలా. కాబట్టి తప్పు సూదిది కాదు, క్రీముది." సుందరి పళ్లెంలో తడిపసుపు పూసి, దాని మీద ఆ డబ్బాలోని క్రీము రాసింది. పసుపు చూస్తుండగానే ఎర్రబడింది. "రక్తమైతే ఈపాటికి గోధుమరంగుకి తిరిగేది. లంగా మీది మరక ఇంకా పారాణిలా ఉంది. ఈ క్రీములో సున్నం కలిసింది. సగమైన డబ్బా అంచుదాకా నిండింది అందుకే."

అందరి చూపులూ సుబ్బరత్నం మీదికి మళ్లాయి. ఆమె ముఖం పాలిపోయింది.

"నేనా? నా కోడలికి నేనెందుకు సున్నం పెడతానమ్మా!"

"మీరు కాదండీ. సున్నం ఎవరైనా తీయగలరు. అసలు మందు ఏమైందన్నదే నా ప్రశ్న. నలభై రోజులు రాసినా మనోజ్ఞగారికి దురద రాలేదు, పొట్టు లేవలేదు. అంటే ఆమె రాసుకున్నది మామూలు క్రీము. మందు ఇంకొకరి ఒంటికి చేరింది. అది రాసుకుంటే ఏ రోజు ఏమవుతుందో ఈ ఇంట్లో ఒక్కరే లెక్కగా చెప్పారు."

అక్షయ బుకాయించలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"సున్నం ఎందుకక్కా? నేనేం చేశాను నీకు?" అంది మనోజ్ఞ.

"క్రీము దొంగిలించగలిగాను. సూదిమందు ఎలా దొంగిలించను? నీ మొగుడు నీ చెయ్యి పట్టుకోవడం ఎలా దొంగిలించను? నిన్ను చూస్తుంటే ఒళ్లు మండిపోయేది మనోజ్ఞా. నువ్వూ మండాలనిపించింది."

లక్ష్మీకాంత్ ఫోను తీశాడు. మనోజ్ఞ చెయ్యెత్తి ఆపింది. "కాలింది నా ఒళ్లు. అక్క మీద కేసు పెట్టాలో వద్దో నేను ఆలోచించుకుంటాను. ముందు మీరు ఫొటోలు పంపిన ప్రతి గ్రూపులోనూ తప్పు డాక్టరమ్మది కాదని రాయండి. ఇప్పుడే."

అతను తలొంచుకుని రాయడం మొదలుపెట్టాడు. ధనశ్రీ గట్టిగా ఊపిరి తీసుకుంది.

కిరీటి భార్య మీద విరుచుకుపడ్డాడు. "సిగ్గులేదూ? కావాలంటే నన్ను అడగొచ్చుగా! ఇన్నేళ్లలో చారలున్నాయని నాకెప్పుడైనా చెప్పావా?"

"చెప్పాలా?" అంది అక్షయ. "చూసింది మీరొక్కరేగా. పిల్లలు పుట్టాక ఒక్కసారి చూసి, లైటు తీసెయ్యమన్నారు."

కిరీటి ఫోను టీపాయ్ మీద పెట్టాడు.