పారని మాలు

డిటెక్టివ్ హిగాకి గదిలోకి వచ్చిన ఫుమియెకి ఏడవడానికి కూడా ఓపిక లేదు. ఆవాజి దీవిలో తాపీపని చేసే తొగావా భార్య ఆమె.

"మా ఆయన్ని రేపు పనిలోంచి తీసేస్తారండీ. ముప్పై ఏళ్ల పని! వరద నీళ్లు తోడే పంపును నిలబెట్టే పీట కింద పోసిన సిమెంటు మాలు పారకుండా సగంలోనే ఆగిపోయిందట. పలచన చేసే మందు ఈయనే కలపలేదంటున్నారు."

"ఆయనేమంటారు?"

"'పోనియ్యవే' అంటారు. మూడు రోజులుగా అన్నం ముట్టలేదు."

హిగాకి నిట్టూర్చాడు. మోకాళ్ల నొప్పులతో, మానేద్దామనుకుంటూనే పదేళ్లుగా ఈ పని లాక్కొస్తున్న మనిషి. ఆ నిట్టూర్పుకి అర్థం 'సరే' అని అసిస్టెంటు సొనెకు తెలుసు. ఆమె అప్పుడే గొడుగు తీసుకుంది.

సైటులో కాంట్రాక్టరు చిందులు తొక్కుతున్నాడు. ఎద్దు ఈనిందంటే దూడను గాటికి కట్టెయ్యమనే రకమని సొనెకు చూడగానే తెలిసిపోయింది. పోత జరిగిన రోజు తీసిన పరీక్ష ఫొటో హిగాకి అడిగాడు. చిన్న గిన్నెడు మాలును పలక మీద వదిలితే ఎంత వెడల్పున పరుచుకుందో అందులో ఉంది. ఇరవై ఏడు సెంటీమీటర్లు.

"మందు లేకుండా ఇంత పారుతుందా?"

"నీళ్లు ఎక్కువ పోసుంటాడు!"

"పోస్తే అంచున నీరు తేలాలి కదయ్యా. చుక్కయినా లేదే! పరీక్షకీ పోతకీ మధ్య ఏం జరిగింది?"

"మూడింటి టీ. పావుగంట. అందరం టీ దగ్గరే ఉన్నాం, ముసలి మేస్త్రీ అన్జై తప్ప. ఆయనకి టీ పడదు."

తొగావా కడిగిపెట్టిన బకెట్టు అడుగున ఒక పెచ్చు మిగిలింది. అందులో ఎర్రటి పోగు. గోనె పీచేమో అనుకుంది సొనె. హిగాకి దాన్ని వాసన చూసి ముఖం చిట్లించాడు. ఎండుచేపల బజారు వాసన.

మర్నాడు ఉదయం అందరినీ షెడ్డులో కూర్చోబెట్టాడు. మందు వేసిన మాలు కలిపి రెండు గిన్నెల్లో పోశాడు. ఒకదానిలో గరిటెడు సముద్రపు నాచు గంజి తిప్పాడు. పలక మీద మొదటిది చక్కగా పారింది. రెండోది పిండిముద్దలా కూర్చుంది.

"మందు సిమెంటు రేణువుల్ని విడదీస్తుంది. ఈ గంజి నీళ్లను పట్టేసుకుంటుంది. గోడకి రాసే మాలులో పాతకాలం మేస్త్రీలు వేసేది ఇదే. గోడకి మేలే. పీట కింద మాత్రం దారి మూసేసింది."

ఎనభై ఏళ్ల అన్జై లేచాడు.

"నేనే పోశాను. తాపీ మీద నిలవని మాలు మాలే కాదని నేర్చుకున్నవాణ్ణి. అంత జారుగా కనబడితే, వీడు నీళ్లెక్కువ పోశాడు, మాట పడతాడనుకున్నా. కాపాడదామనే పోశా. మందు వెయ్యలేదన్నారుగా, చెడగొట్టింది నేనని నాకేం తెలుసు?"

హిగాకి తొగావా వైపు తిరిగాడు. "బకెట్టు కడిగేటప్పుడే నీకు తెలిసిపోయింది కదూ?"

"పదిహేనో ఏటి నుంచీ ఆయన దగ్గర పని నేర్చుకుంటూ ఆ గంజి కాచింది నేనేనండీ. ఆ వాసన తెలీదా?"

"మరి చెప్పవేం?"

"చెబితే ఆయన చేతిలో తాపీ లాగేసుకుంటారు. అది లేకపోతే ఆయన బతకడు."

కాంట్రాక్టరు గొంతు సవరించుకుని, సోమవారం పనిలోకి రమ్మని తొగావాతో అన్నాడు. అన్జై నడుముకున్న తాపీ తీసి, తుడిచి, శిష్యుడి ఒళ్లో పెట్టాడు. సొనె తల తిప్పుకుంది. నిజం బయటపెట్టినందుకు ఆమెకు మొదటిసారి బాధేసింది.

ఫుమియె భర్త దగ్గరికి వచ్చింది. "ఇవాళైనా అన్నం తింటారా?"

తొగావా కళ్లు తుడుచుకున్నాడు. "గురువుగారికి కూడా వండు" అన్నాడు.