మురుగు బావిలో మల్లెపూల వాసన

మురుగులో పనిచేస్తూ కూడా పెళ్ళికొడుకులా ఉండేవాడు ఊరు మొత్తానికి తనొక్కడేనని ఆ పంపు ఆపరేటరు నమ్మకం. దాన్ని గర్వం అంటే ఒప్పుకోడు. శుభ్రత అంటాడు. గంటకోసారి పంపుహౌస్ బాత్రూములో దూరి, పావుగంట చేతులు తుడుచుకుని గానీ బయటికి రాడు. తోటివాళ్ళు పెట్టిన పేరు 'సెంటుబాబు'. అది పొగడ్త అనుకుంటున్నాడు, పాపం.

ఆ పంపుహౌస్ పల్లపు వీధి చివర ఉంది. ఊరంతా విడిచిన నీళ్ళు పైపుల్లో జారుకుంటూ వచ్చి అక్కడి లోతు బావిలో పడతాయి. మోటారు వాటిని ఎత్తి ఊరవతల శుద్ధి కేంద్రానికి తోస్తుంది. అలాంటి బావికి కంపు కొట్టడం ధర్మం. కానీ మూడు నెలలుగా రాత్రి రెండు దాటితే అందులోంచి...

మల్లెపూల వాసన!

వాసన వెనకాలే మూలుగు. మూలుగు వెనకాలే తెల్లబట్టల్లో, జుట్టు విరబోసుకుని ఒక ఆడమనిషి పైకి లేస్తుందట. దాన్ని కళ్ళారా చూసిన రాత్రి డ్యూటీ ఆపరేటరు జ్వరమని ఇంటికి పోయి మళ్ళీ తిరిగి రాలేదు.

దాంతో, మూడు నెలల క్రితమే చేరి హాయిగా సాయంత్రం డ్యూటీ చేసుకుంటున్న సెంటుబాబుకి రాత్రి డ్యూటీ పడింది.

"దెయ్యం లేదు, గియ్యం లేదు" అన్నాడు పెళ్ళాంతో, చెప్పులు కుడి ఎడమలు మార్చి వేసుకుంటూ.

"అదంతా నాకు తెలీదు. పదిహేను రోజుల కింద మా అమ్మ బాత్రూములోకి మురుగు తన్నుకొచ్చింది. ఇంకోసారి వస్తే ఆవిడ మనింట్లోనే ఉంటుంది."

"ఎన్నాళ్ళు?"

"ఎన్నాళ్ళేమిటి? ఉంటుంది."

అత్తగారిది పల్లపు వీధిలో మొదటి ఇల్లు. బావి నిండితే నీళ్ళు ముందు పలకరించేది ఆవిడనే.

రాత్రి రెండయింది. సెంటుబాబు అలవాటుగా బాత్రూముకి వెళ్ళి చేతులు తుడుచుకుని వచ్చి కూర్చున్నాడు. ముప్పయ్యేళ్ళుగా గేటు కాస్తున్న వాచ్‌మన్ బాబాయ్ తలుపులోంచి తల పెట్టాడు.

"ఒరే అబ్బాయ్... వచ్చేసింది."

"ఏది?"

"వాసన. మల్లెపూలు..."

సెంటుబాబు గట్టిగా పీల్చాడు. ఏమీ లేదు. మళ్ళీ పీల్చాడు. ఊహూఁ.

"నాకు రావట్లేదే!"

బాబాయ్ మొహం పాలిపోయింది. "అయితే... నీకోసమే వచ్చిందిరా."

మోటారు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో — బావి అడుగునుంచి — ఊఁ... ఊఁ... ఊఁ...

టార్చి వేశాడు. నీళ్ళు పెరుగుతున్నాయి. నీళ్ళతో పాటే తెల్లగా ఒక ఆకారం. భుజాల మీదుగా జుట్టు. మెల్లగా ఇటు తిరుగుతోంది...

సెంటుబాబు కాళ్ళు గేటు వైపు బయల్దేరాయి. మనిషి కూడా వెనకే వెళ్ళేవాడే. ఫోను మోగింది.

"ఏవండీ, అమ్మ బాత్రూములో నీళ్ళు బుడబుడమంటున్నాయట. పెట్టె సర్దుకుంటోంది."

ముందు దెయ్యం. వెనక అత్తగారు. దెయ్యమైతే తెల్లారేసరికి వెళ్ళిపోతుంది.

కొక్కెం కర్ర తీసుకుని కళ్ళు మూసుకుని పొడిచాడు. తగులుకుంది. లాగాడు. అది రానంది. బాబాయ్ కూడా ఓ చెయ్యి వేశాడు, దేవుణ్ణి తలుచుకుంటూ. ఇద్దరూ ఆ ఆకారాన్ని గట్టు మీదికి ఈడ్చారు. దాని జుట్టులో చిక్కుకున్న రబ్బరు బంతి ఊడి బావిలో పడింది. నీళ్ళెంత పెరిగాయో మోటారుకి చెప్పే బంతి అది. టప్పుమని తేలింది. మోటారు అందుకుంది. పైపుల్లో ఇరుక్కుని మూలిగిన గాలి బుస్సుమని పోయింది.

గట్టు మీద దెయ్యం విడివిడిగా పడింది. జుట్టు ఊరందరిదీ. కొవ్వు వంటిళ్ళది. ఒళ్ళు మాత్రం... వందలకొద్దీ వెట్ వైప్స్, తుడిచి పారేసే తడిగుడ్డలు.

బాబాయ్ ఒకటి ఎత్తి వాసన చూశాడు. తర్వాత సెంటుబాబు చెయ్యి పట్టుకుని వాసన చూశాడు.

"ఒరే... ఈ చేతులు దేంతో తుడుస్తావు?"

సెంటుబాబు జేబులోంచి ప్యాకెట్టు తీశాడు. మల్లెపూల బొమ్మ. కింద 'నీళ్ళలో ఇట్టే కరిగిపోతాయి' అని ఉంది. రాసినవాడు ఏ బావిలోకీ తొంగి చూసిన పాపాన పోలేదు.

"తుడిచి?"

"బాత్రూములో వేసి... నీళ్ళు కొట్టేస్తా."

"ఆ బాత్రూము పైపు ఎక్కడికి?"

సెంటుబాబు బావి వైపు చూశాడు. రోజూ పూసుకునే వాసన తన ముక్కుకి ఏం తెలుస్తుంది!

తెల్లారేసరికి అత్తగారు పెట్టె విప్పేసింది. "మా అల్లుడుగారు దెయ్యాన్ని జుట్టు పట్టుకుని ఈడ్చారు" అని వీధంతా చెప్పింది. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. ఇద్దరు ముగ్గురు తమ ఇళ్ళల్లో దెయ్యాల్ని కూడా చూడమని అడిగిపోయారు.

పంపుహౌస్ రిజిస్టర్లో సెంటుబాబు గుండ్రటి అక్షరాలతో రాశాడు: 'బావిలో అడ్డు తొలగించడమైనది. కారకులు: తెలియదు.'

ఇప్పుడు వైప్స్ చెత్తబుట్టలోనే వేస్తున్నాడు. అంతవరకూ నేర్చుకున్నాడు. ఆ 'తెలియదు' కొట్టేసి తన పేరు రాయడం మాత్రం ఇంకా నేర్చుకోలేదు.