దిమ్మెల మీద ఎర్ర కారు

ఆదివారం పొద్దున కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే లెక్కల మాస్టారు షెడ్డు తలుపు తీశారు. లోపల చెక్క దిమ్మెల మీద, చక్రాలు నేలకు తగలకుండా, రెండు సీట్ల ఎర్ర స్పోర్ట్స్ కారు. నలభై ఏళ్ళ నాటిది. రిటైరైన ఏడాది, వద్దన్న వాళ్ళందరినీ కాదని కొన్నారు. మొదటి షికారు నీతోనే అని ఆవేళ భార్యకు మాట కూడా ఇచ్చారు. మీటరులో కిలోమీటర్లు ఎంత తక్కువుంటే అలాంటి బండికి అంత విలువని తర్వాతెవరో చెప్పారు. అంతే, తొమ్మిదేళ్ళుగా తుడవడమే తప్ప తోలింది లేదు. ఆవిడ దానికి ‘సవతి’ అని పేరు పెట్టింది. సవతికి రోజూ స్నానాలూ ముస్తాబులూ జరిగేవి, షికార్లే లేవు.

ఆ రోజు ఆవిడ గోడ పట్టుకుని షెడ్డు దాకా వచ్చింది. చూపు నానాటికీ మసకబారుతోంది. మూడు నెలలకు మించి నిలవదని కంటి డాక్టరు తేల్చేశాడు.

“ఏవండీ, ఒక్కసారి దీంట్లో కొండ మీదికి తీసుకెళ్ళండి. పైనుంచి ఊరంతా కనిపిస్తుందట. కళ్ళుండగా చూస్తాను.”

“చూద్దాంలే. వానలు తగ్గనీ.”

వంటింట్లోంచి కూతురు విసురుగా వచ్చింది. “వానలు తగ్గేదాకా ఆగమని అమ్మ కళ్ళకి నువ్వు చెప్తావా నాన్నా?”

“నీకు తెలీదమ్మా. ఒక్కసారి తోలడం మొదలెడితే...”

“మహా అయితే అరవై కిలోమీటర్లు పెరుగుతాయి. పెరగనీ! ఇన్నేళ్ళలో అమ్మ నిన్ను ఇంకేమైనా అడిగిందా?”

అడగలేదు. మాస్టారు ఆ మధ్యాహ్నమే దిమ్మెలు తీయించి, కొత్త బ్యాటరీ పెట్టించి, తాళం తిప్పారు. బండి ఉలకలేదు, పలకలేదు.

మెకానిక్కు కిందికి దూరి, లేచి, చేతులు తుడుచుకున్నాడు. “ఇంజను పట్టేసింది సార్. తిరిగే బండి కన్నా తిరగని బండే ముందు పాడవుతుంది. నెలకోసారి తోలినా బావుండేది. సామాను తెప్పించాలి, రెండు నెలలు పడుతుంది.”

టాక్సీలో వెళ్దామని కూతురు బతిమాలింది. “రెండు నెలలేగా, నా కళ్ళు ఆగుతాయిలే. సవతి ఒళ్ళో కూర్చునే వెళ్తాను” అని ఆవిడ నవ్వేసింది.

సామాను అయిదో నెలలో వచ్చింది. అప్పటికి ఆవిడకు పగలూ రాత్రీ ఒకటే అయిపోయాయి.

అయినా మాస్టారు ఆవిడను పక్కన కూర్చోబెట్టుకుని కొండెక్కారు. పైన బండి ఆపగానే ఆవిడ ముఖం గాలికి తిప్పింది.

“ఏం కనిపిస్తోందండీ?”

“ఇళ్ళు... ఏటి మీద వంతెన... దాని మీద చీమల్లా మనుషులు...” ఆయన ఆవిడ వైపు తిరిగారు. “నీకు చూపున్నన్నాళ్ళూ దీన్ని దాచిపెట్టానే. పాపిష్టివాణ్ణి.” స్టీరింగు మీద తలవాల్చి వెక్కి వెక్కి ఏడ్చారు.

ఆవిడ తడుముకుంటూ ఆయన ముఖం అందుకుంది. అరచేత్తో కళ్ళు తుడిచింది.

“ఊరుకోండి. ఇంకా కిందికి దిగాలి మనం. ఇద్దరిలో ఒక్కరికైనా దారి కనిపించాలి కదా.”